వేడెక్కితే ఆగిపోతున్న పాత పెట్రోల్ కారు: లోపం ఏ సెన్సరుదో తేల్చుకోవడం ఎలా?

నాగోలు ప్రయాణికుడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా దగ్గర 2011లో కొన్న 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఇప్పటికి 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. వారానికి ఐదు రోజులు నాగోలు నుంచి ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట మీదుగా మాదాపూర్‌కు ఇందులోనే వెళ్లి వస్తాను. మే నెల మొదటి వారం వరకు ఏ ఇబ్బందీ పెట్టని ఈ బండి అప్పటి నుంచి రెండు రకాలుగా వేధిస్తోంది.

మొదటిది మైలేజీ. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చిన బండి ఇప్పుడు 11 దాటడం లేదు. ట్యాంకు నిండుగా పోయించి, తిరిగిన దూరం రాసుకుని మూడుసార్లు లెక్క చూశాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెట్రోల్ వాసన వస్తోంది, సైలెన్సర్ మూతి లోపల నల్లటి మసి పేరుకుంటోంది, చెక్ ఇంజిన్ దీపం వెలిగే ఉంటోంది. రెండవది నన్ను నిజంగా భయపెడుతున్న విషయం. రద్దీలో ముప్పావు గంట నడిచాక ఇంజిను ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతోంది. సెల్ఫ్ బలంగానే తిరుగుతుంది గాని ఇంజిను అందుకోదు. బోనెట్ ఎత్తి ఇరవై నిమిషాలు వదిలేస్తే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది. ఇలా ఒకసారి తార్నాక చౌరస్తాకు ముందు ఆగిపోయింది, మరోసారి మా అమ్మగారిని కంటి ఆస్పత్రికి తీసుకువెళ్తుండగా బేగంపేట ఫ్లైఓవర్ మీద ఆగిపోయింది. వెనక నుంచి బస్సులు వస్తుంటే ఆమెను దింపి గోడ పక్కన నిలబెట్టాల్సి వచ్చింది. ఆ పరిస్థితి మళ్లీ రాకూడదని నా ఆరాటం.

మొదట చూపించిన గ్యారేజీలో స్కానర్ (ఇంజిను కంప్యూటర్‌లోని అంకెలు, లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెడితే పి 0172 అనే కోడ్ వచ్చింది. సైలెన్సర్‌కు వెళ్లే పొగలో ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సరు పోయిందని చెప్పి 4,800 రూపాయలు తీసుకుని కొత్తది వేశారు. దీపం ఆరిపోయి, ఐదో రోజున మళ్లీ వెలిగింది. రెండో గ్యారేజీలో అదే కోడ్‌తో పాటు పి 0335 కూడా వచ్చింది. ఇన్ని సెన్సర్లు ఒకేసారి పోవని, ఈసీయూ, అంటే ఇంజిను కంప్యూటర్, పాడయిందని, పాత బండిలోంచి తీసిన ఈసీయూ 14,000కు వేస్తామని అన్నారు. ఆ మాట నాకు నమ్మకం కలిగించలేదు.

నా బండిలో టెంపరేచర్ ముల్లు లేదు. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం, మితిమీరి వేడెక్కితే ఎర్ర దీపం, అంతే. ఎర్ర దీపం ఒక్కసారి కూడా వెలగలేదు కనుక ఓవర్‌హీట్ సమస్య లేదనుకుంటున్నాను. ఇది పెద్ద విషయమో కాదో తెలియదు గాని, ఇదివరకు కాలనీ గేటు దాటిన కాసేపటికే ఆరిపోయే నీలం దీపం ఇప్పుడు ఉప్పల్ రింగ్ రోడ్డు దాటేదాకా వెలుగుతూనే ఉంటోంది. నిరుడు రేడియేటర్ కారుతుంటే మార్పించాను. ఇంట్లో మల్టీమీటరు ఉంది, వాడడం వచ్చు. ఇంకో వస్తువు కొనే ముందు ఏ సెన్సరు నిజం చెబుతోందో, ఏది తప్పు చెబుతోందో కొలిచి తెలుసుకునే పద్ధతి ఉంటే దయచేసి వివరించండి.

రామంతాపూర్ ఆటో ఎలక్ట్రీషియన్ (జవాబు)

నమస్కారమండీ. ముందుగా ఒక విన్నపం. ఇది చదివాక రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసుకునే వరకు బండిని ట్రాఫిక్‌లోకి తీసుకువెళ్లకండి. నీలం దీపం గురించి మీరు రాసిన వాక్యం ఇంత పట్టుబట్టి చెప్పేలా చేసింది. ఎందుకో కింద రాస్తాను.

కోడ్ అంటే తీర్పు అని చాలామంది అనుకుంటారు. ఇంజిను కంప్యూటర్ ఏ సెన్సరూ పాడయిందని నేరుగా చూడలేదు. తనకు అందిన అంకెలు తాను ఆశించిన హద్దుల్లో లేవని మాత్రమే నమోదు చేస్తుంది. పి 0172 అంటే మిశ్రమంలో పెట్రోల్ మోతాదు మించిందని అర్థం. ఆ సంగతి కంప్యూటర్‌కు చెప్పింది ఆక్సిజన్ సెన్సరే. మీకు పెట్రోల్ వాసన వస్తోంది, సైలెన్సర్‌లో మసి ఉంది, మైలేజీ పడిపోయింది. అంటే ఆ సెన్సరు చెప్పింది నిజం. నిజం చెప్పినదాన్ని తీసేసి కొత్తది పెడితే అదీ ఆ నిజమే చెబుతుంది, అందుకే ఐదో రోజున దీపం మళ్లీ వెలిగింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు మీ 4,800 రూపాయలు వృథా అయ్యాయి.

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న, పెట్రోల్ ఎక్కువ పోయమని కంప్యూటర్‌కు ఎవరు చెబుతున్నారన్నది. ఇంజెక్టరు కారడం, ఇంధన ఒత్తిడి పెరగడం, ట్యాంకు ఆవిరిని ఇంజినులోకి వదిలే పర్జ్ వాల్వు తెరుచుకుని ఉండిపోవడం, ఇంజినులోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సరు ఎక్కువ చూపడం వంటి కారణాలు ఉన్నాయి. కాని మీరు చెప్పిన లక్షణాల్లో కూలెంట్ టెంపరేచర్ సెన్సరు మీద అనుమానం బలంగా ఉంది. ఇంజిను చల్లగా ఉందని కంప్యూటర్ నమ్మితే, చలి ఉదయం స్టార్ట్ చేసినప్పటిలా అదనపు పెట్రోల్ పోస్తుంది. నీలం దీపం ఆలస్యంగా ఆరడం కూడా ఆ నమ్మకానికి గుర్తే. చాలా చిన్న కార్లలో ఫ్యాన్ వేయవలసింది ఎప్పుడో, ఎర్ర దీపం వెలిగించవలసింది ఎప్పుడో నిర్ణయించేది ఆ ఒక్క సెన్సరు అంకె మీదే. అది 60 డిగ్రీల దగ్గరే ఆగిపోతే ఇంజిను లోపల ఎంత మరిగినా ఫ్యాన్ తిరగదు, ఎర్ర దీపమూ వెలగదు. కనుక ఎర్ర దీపం వెలగలేదన్నది మీకు ధైర్యమిచ్చే విషయం కాదు.

ఈ సెన్సరు పనితీరు కష్టమైనదేమీ కాదు. లోపల ఉండేది వేడి పెరిగే కొద్దీ నిరోధం తగ్గే చిన్న గుళిక. చాలా బండ్లలో అది 20 డిగ్రీల వద్ద 2,000 నుంచి 3,000 ఓమ్‌ల మధ్య ఉండి, 80 డిగ్రీలకు 300 ఓమ్‌ల చుట్టుపక్కలకు, 90కి దాదాపు 250కి దిగుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది, దానిని పట్టించుకోకపోతే పరీక్ష చేసి కూడా మోసపోతాం. వైరులోగాని కనెక్టరులోగాని తుప్పు వల్ల మరో 300 ఓమ్‌లు చేరాయనుకోండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు రెండు వేలకు మూడు వందలు చేరితే తేడా నాలుగైదు డిగ్రీలే కనుక ఎవరికీ కనిపించదు. ఇంజిను వేడెక్కి అసలు నిరోధం 250కి దిగినప్పుడు ఆ 300 చేరితే మొత్తం రెట్టింపు దాటి, 90 డిగ్రీల నీళ్లు 60 డిగ్రీల నీళ్లలా కనిపిస్తాయి. ఈ లోపం చలిలో దాక్కుని వేడిలో బయటపడుతుంది. గ్యారేజీలో చల్లటి బండి మీద స్కానర్ పెట్టి అన్నీ బాగున్నాయనడానికి కారణం తరచుగా ఇదే.

అందుచేత మీరు ఇలా చూడండి. రాత్రంతా నిలిపిన బండిలో, ఇంజిను స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి, స్కానర్‌లో కూలెంట్ వేడిని, లోపలికి వెళ్లే గాలి వేడిని పక్కపక్కన రాసుకోండి. రెండూ ఆ పూట వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. తరువాత స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, స్కానర్ అంకెను థర్మోస్టాట్ (ఇంజిను వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) గొట్టం దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో తీసిన అంకెతో పోల్చండి. కొవిడ్ రోజుల్లో ఇళ్లలోకి వచ్చిన జ్వరం చూసే పరికరం దీనికి పనికిరాదు, అది మనిషి ఒంటి వేడి పరిధి దాటి చూపదు. రెండు అంకెలూ తక్కువగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందని అర్థం. స్కానర్ తక్కువ చూపి గొట్టం మాత్రం వేడిగా ఉంటే సెన్సరో దాని వైరో తప్పు చెబుతోంది. ఆ వేడిలో రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి.

సెన్సరా, వైరా అన్నది తేల్చడానికి ఇంకో పరీక్ష ఉంది. తాళం ఆఫ్ చేసి సెన్సరు కనెక్టరు ఊడదీయండి. ఆన్ చేస్తే స్కానర్ మైనస్ 40 చూపాలి. ఆ కనెక్టరులోని రెండు టెర్మినళ్లను చిన్న వైరు ముక్కతో కలిపితే 130కి పైగా చూపాలి. ఈ రెండు చివరలకూ అంకె చేరితే కంప్యూటర్, వైరింగ్ బాగున్నాయి, లోపం సెన్సరులోనే ఉంది. కలిపినా అంకె మధ్యలో ఎక్కడో ఆగితే వైరింగ్‌లో నిరోధం ఉంది. రెండు వైర్ల టెంపరేచర్ సెన్సరుకు ఇలా కలపడం ప్రమాదం కాదు. మూడు వైర్లున్న మ్యాప్, థ్రాటిల్ వంటి సెన్సర్ల దగ్గర మాత్రం ఎప్పుడూ ఇలా చేయకండి, అక్కడ 5 వోల్టుల సరఫరా నేరుగా ఎర్త్ అవుతుంది. ఈ పరీక్ష చేస్తున్నప్పుడు ఫ్యాన్ ఒక్కసారిగా తిరగవచ్చు, చేతులు దూరంగా ఉంచుకోండి.

ఆగిపోవడం విషయానికి వస్తే, పి 0335 అన్నది క్రాంక్ సెన్సరు సిగ్నల్ గురించినది. ఇంజిను తిరుగుతోందన్న కబురు అదే ఇస్తుంది; అది అందకపోతే కంప్యూటర్ ప్లగ్గులకు నిప్పూ ఇవ్వదు, పెట్రోలూ పోయదు. లోపలి రాగి చుట్టలో వెంట్రుకంత చీలిక ఉంటే వేడికి వ్యాకోచించి తెగిపోయి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. మీరు చెప్పిన ఇరవై నిమిషాల విరామం దీనికి సరిగ్గా సరిపోతుంది. అయినా కొలవకుండా కొనవద్దు. ఈసారి ఆగినప్పుడు గేరులో దొర్లుతుండగానే ఆర్‌పీఎం ముల్లు ఎలా పడుతుందో గమనించండి. చక్రాలు ఇంకా ఇంజినును తిప్పుతుండగానే ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే క్రాంక్ సిగ్నల్ పోయింది. ఇంజిను వేగంతో పాటు నెమ్మదిగా దిగితే పెట్రోల్ పంపు వైపు చూడాలి. అప్పుడు తాళం ఆన్ చేసి వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు మోగుతుందో లేదో వినండి. సెల్ఫ్ కొడుతుండగా స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపడం మరో రుజువు.

ఈ రెండు లోపాలూ వేర్వేరు కాకపోవచ్చని కూడా నా అనుమానం. ఫ్యాన్ తిరగక బోనెట్ కింద వేడి పెరిగితే, వయసైపోయిన క్రాంక్ సెన్సరు ముందుగా లొంగిపోతుంది.

కూకట్‌పల్లి వాసి (జవాబు)

నాగోలు గారూ, అమ్మగారితో ఫ్లైఓవర్ మీద నిలిచిపోవడం చదివి బాధ కలిగింది. నాదీ 2012 నాటి బండే, ఈ చర్చను అందుకే శ్రద్ధగా చదివాను. రామంతాపూర్ గారిని రెండు సంగతులు అడగదలిచాను. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది కదా, మన పాత బండ్లలో ఈ కోడ్ రావడానికి అది కారణం కావచ్చా? అలాగే నా బండిలో ఒకసారి మూడు సెన్సర్ల కోడ్‌లు ఒకేసారి వచ్చి, చివరికి బ్యాటరీ మారిస్తే అన్నీ పోయాయి. ఈయన కూడా ముందు బ్యాటరీ చూసుకోవడం మంచిది కాదా?

రామంతాపూర్ ఆటో ఎలక్ట్రీషియన్ (జవాబు)

అమ్మా, మీ రెండో ప్రశ్నే ముందు తీసుకుంటాను, ఎందుకంటే నేను మొదటే రాయవలసిన విషయమది. ఏ సెన్సరునైనా అనుమానించే ముందు బ్యాటరీ, ఎర్త్ చూడాలి. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజిను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతే కంప్యూటర్ తడబడి లేని లోపాలు నమోదు చేస్తుంది. అలాగే ఇంజిను నడుస్తూ, హెడ్‌లైట్లు, ఏసీ వేసి ఉండగా బ్యాటరీ నెగెటివ్ కొసకూ ఇంజిను లోహానికీ మధ్య మీటరు పెట్టి చూడండి. అక్కడ 0.2 వోల్టులు దాటితే ఎర్త్ పట్టీ విప్పి గీరి శుభ్రం చేయాలి. ఆ పట్టీ తుప్పుపడితే సెన్సర్లన్నీ కొంచెం కొంచెం అబద్ధం చెబుతాయి.

ఇథనాల్ మీద మీ అనుమానం సహజమే, కాని ఇక్కడ అది వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. స్వచ్ఛమైన పెట్రోల్ ఒక భాగానికి 14.7 భాగాల గాలి సరిపోతే, 20 శాతం ఇథనాల్ మిశ్రమానికి సుమారు 13.5 భాగాలే చాలు, ఇథనాల్ తనతోనే ఆక్సిజన్‌ను తెస్తుంది కనుక. పాత లెక్క ప్రకారం పెట్రోల్ పోసే కంప్యూటర్‌కు అది చాలలేదని కనిపించి, సవరణ అంకె ప్లస్ వైపు కదులుతుంది, మైలేజీ కొంత తగ్గుతుంది. నాగోలు గారి బండిలో కోడ్ పెట్రోల్ ఎక్కువైందని చెబుతోంది. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అనే ఆ సవరణ అంకె మైనస్‌లో ఉంటే ఇథనాల్‌ను నిర్దోషిగా వదిలేయవచ్చు.

మ్యాప్ సెన్సరు పరీక్ష గురించి కూడా ఒక మాట. తాళం ఆన్ చేసి ఇంజిను స్టార్ట్ చేయనప్పుడు అది బయటి గాలి ఒత్తిడిని చూపాలి. వీడియోల్లో 101 కిలోపాస్కల్ అని చెబుతారు, అది సముద్రతీరానికి సరిపోతుంది. మన హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కనుక ఇక్కడ 95 దగ్గర చూపడమే సరైనది. ఆ అంకె చూసి సెన్సరు తక్కువ చూపుతోందని మార్చేసినవారిని నేను చూశాను.

నాగోలు ప్రయాణికుడు

మీరిద్దరూ ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. మూడు రోజులు మెట్రోలో ఆఫీసుకు వెళ్లాను, శని, ఆదివారాలు ఈ పరీక్షలకే కేటాయించాను. తెలిసినవారి దగ్గర స్కానర్, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తెచ్చుకున్నాను.

బ్యాటరీ 12.5, ఛార్జింగ్ 14.1, ఎర్త్ దగ్గర 0.06 వోల్టులు. మ్యాప్ సెన్సరు తాళం ఆన్‌లో 95, ఐడిలింగ్‌లో 35 కిలోపాస్కల్ చూపింది. ఫ్యూయల్ ట్రిమ్ మైనస్ 22 దగ్గర ఉంది. ఉదయం ఆరింటికి గాలి వేడి 28, కూలెంట్ 24. ఆ నాలుగు డిగ్రీల తేడా మీరు ముందే చెప్పి ఉండకపోతే నేను పట్టించుకునేవాణ్ని కాదు. ఇరవై నిమిషాల తరువాత స్కానర్ 60 చూపుతుంటే థర్మోస్టాట్ గొట్టం దగ్గర 91 ఉంది. మరో పది నిమిషాలు గడిచాక స్కానర్ 64, గొట్టం 103. ఫ్యాన్ తిరగలేదు. ఎర్ర దీపం వెలగలేదు. భయపడి వెంటనే ఆపేశాను.

చల్లారాక కనెక్టరు ఊడదీస్తే మైనస్ 40 సరిగ్గానే వచ్చింది. టెర్మినళ్లు కలిపితే 130 రావలసింది 78 దగ్గర ఆగిపోయింది. సెన్సరును విడిగా మీటరుతో కొలిస్తే 28 డిగ్రీల దగ్గర సుమారు 1,800 ఓమ్‌లు. ఈ లెక్కన సెన్సరు బాగానే ఉంది, లోపం వైరింగ్‌లోనో ఈసీయూలోనో ఉందని అర్థమవుతోంది. రెండో గ్యారేజీవారు చెప్పిన మాటే నిజమవుతుందేమోనని కొంచెం బెంగగా ఉంది.

మెహిదీపట్నం పాత బండ్ల అభిమాని (జవాబు)

నాగోలు గారూ, బెంగ పెట్టుకోకండి. ఈసీయూ పోయిందనడం సులభం, నిరూపించడం కష్టం. మీ కంప్యూటర్ స్కానర్‌తో మాట్లాడుతోంది, మ్యాప్ సెన్సరు అంకెలు సరిగ్గా ఇస్తోంది, అంటే 5 వోల్టుల సరఫరా బాగుంది. ఊడదీసిన కనెక్టరులో రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజీ కొలవండి, 5కు దగ్గరగా వస్తుంది. అలా వచ్చిందని వైరు బాగుందనుకోవద్దు. కరెంటు ప్రవహించనప్పుడు తుప్పు పట్టిన జాయింటు కూడా పూర్తి 5 వోల్టులూ చూపుతుంది. కాబట్టి వైరు మధ్యలో ఎక్కడ నిరోధం ఉందో వెతకాలి.

మీరు నిరుడు రేడియేటర్ మార్పించారని రాశారు. ఆ పని చేసేటప్పుడు ఈ కనెక్టరు వైర్లు దారికి అడ్డం వస్తాయి. వాటిని లాగి తెంపి, మళ్లీ మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయడం చాలాచోట్ల జరిగేదే. ఇంజిను వేడికి టేపు జిగురు కరిగిపోయి, వాన నీళ్లు లోపలికి దిగి, రాగి పచ్చబడుతుంది. కనెక్టరు నుంచి జానెడు దూరం దాకా వైర్ల మీది తొడుగు విప్పి, టేపు చుట్టిన చోటు ఉందేమో చూడండి. ఇల్లు కింది అంతస్తులో ఉంటే ఎలుకలు కొరికిన గుర్తులు కూడా వెతకండి. దొరికితే పచ్చబడిన భాగమంతా మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి, టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగించండి. టేపు మళ్లీ వద్దు.

క్రాంక్ సెన్సరు కొనవలసి వస్తే పాతదాని మీద ఉన్న పార్టు నంబరు రాసుకుని రాణీగంజ్ వెళ్లండి. అక్కడ అసలుదీ దొరుకుతుంది, పెట్టె మాత్రమే అసలుదైన నకిలీ కూడా దొరుకుతుంది. ధర మూడో వంతు చెబితే ఆలోచించకుండా వెనక్కి రండి. కొనే ముందు దుకాణంలోనే మీటరు పెట్టి నిరోధం కొలవడానికి ఒప్పుకోని చోట నేను కొనను. బిగించేటప్పుడు దాని అయస్కాంతపు కొసకు ఇనుప రజను అంటి ఉందేమో తుడిచి చూడండి. కొన్నిసార్లు ఆ రజనే సిగ్నల్‌ను పాడు చేస్తుంది, పాత సెన్సరు శుభ్రం చేస్తేనే పని జరిగిపోతుంది.

నాగోలు ప్రయాణికుడు

దొరికింది. కనెక్టరుకు నాలుగు వేళ్ల దూరంలో, నల్లటి ముడతల గొట్టం లోపల, మీరు వర్ణించినట్టే మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఉంది. టేపు విప్పగానే పచ్చటి పొడి రాలింది. ఆ జాయింటుకు అటూ ఇటూ మీటరు పెడితే 350 ఓమ్‌లు చూపింది. మా వీధి చివరి ఎలక్ట్రీషియన్‌తో రెండు వైర్లకూ కొత్త ముక్క వేయించి టంకం పెట్టించాను, 300 రూపాయలు తీసుకున్నాడు. రెండు గ్యారేజీలూ కలిపి 18,800 అడిగిన చోట పని 300తో ముగిసిందని కాదు గాని, ఆ చిన్న జాయింటు మా అమ్మను ఫ్లైఓవర్ మీద నిలబెట్టిందన్న విషయం నాకు ఇంకా మింగుడు పడడం లేదు.

ఇప్పుడు టెర్మినళ్లు కలిపితే అంకె 130 దాటిపోతోంది. వేడెక్కాక స్కానర్ 97 చూపినప్పుడు ఫ్యాన్ అందుకుని 92కు రాగానే ఆగుతోంది. ఆ చప్పుడు విని ఎన్ని నెలలయిందో అనిపించింది. నీలం దీపం కాలనీ గేటు దాటిన కాసేపటికే ఆరుతోంది. ఫ్యూయల్ ట్రిమ్ నాలుగు రోజుల్లో మైనస్ 22 నుంచి మైనస్ 3కు వచ్చింది, పెట్రోల్ వాసన లేదు.

అయితే పన్నెండో రోజు మధ్యాహ్నం మండుటెండలో, ప్యారడైజ్ సిగ్నల్ దాటాక బండి ఒకసారి ఆగింది. ఈసారి ముల్లును చూశాను. మూడో గేరులో దొర్లుతుండగానే ఒక్కసారిగా సున్నాకు పడింది. పక్కకు తీసి, సెల్ఫ్ కొడుతూ స్కానర్ చూస్తే ఆర్‌పీఎం సున్నా. నా బండిలో క్రాంక్ సెన్సరు రెండు వైర్లది. జాగ్రత్తగా కనెక్టరు ఊడదీసి మీటరు పెడితే తెగిన తీగలా ఏ అంకే రాలేదు. సీసాలోని చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డను దాని మీద ఐదు నిమిషాలు ఉంచాక 540 ఓమ్‌లు చూపి, బండి స్టార్ట్ అయింది. మర్నాడు రాణీగంజ్‌లో పార్టు నంబరు చూపి 1,600కు కొత్తది కొని వేయించాను. నెల దాటింది. రోజూ అదే దారి, అదే ఎండ, ఒక్కసారి కూడా ఆగలేదు. మైలేజీ 14.5 వస్తోంది. మొన్న అమ్మగారిని మళ్లీ అదే ఫ్లైఓవర్ మీదుగా ఆస్పత్రికి తీసుకువెళ్లాను.

రామంతాపూర్ ఆటో ఎలక్ట్రీషియన్ (జవాబు)

చాలా సంతోషమండీ. కొలిచిన ప్రతి అంకె ఇక్కడ రాసినందుకు ప్రత్యేకంగా ధన్యవాదాలు, ఇదే లక్షణాలతో వచ్చే మరొకరికి ఇవి పనికొస్తాయి.

ఒక పని మాత్రం మిగిలి ఉంది. ఫ్యాన్ లేకుండా ఆ ఇంజిను కొన్ని వారాలు హైదరాబాదు ఎండల్లో నడిచింది, లోపల ఎంత వేడెక్కిందో చెప్పే దీపం కూడా అప్పుడు పనిచేయలేదు. కనుక ఇంజిను తలకూ దిమ్మెకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ అనే పొర దెబ్బతిన్నదేమో చూసుకోవాలి. కూలెంట్ సీసా మీద ఇంజిను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మార్కర్‌తో గీత పెట్టి, పదిహేను రోజులు ప్రతి ఉదయం చూడండి. నూనె పోసే మూత లోపల మీగడ లాంటి పూత ఉందేమో, ఉదయం స్టార్ట్ చేసిన పది నిమిషాల తరువాత కూడా తెల్లటి పొగ వస్తోందేమో గమనించండి. రాత్రంతా ఆగిన బండిలో రేడియేటర్ పై గొట్టాన్ని చేత్తో నొక్కితే మెత్తగా ఉండాలి. గట్టిగా, గాలి నిండినట్టు ఉంటే వెంటనే ఇక్కడ రాయండి.

నాగోలు ప్రయాణికుడు

ఈ ఉదయమే చూశాను. పై గొట్టం మెత్తగా ఉంది, నూనె మూత లోపలి భాగం శుభ్రంగా ఉంది. కూలెంట్ సీసా మీద గీత పెట్టాను. పదిహేను రోజుల తరువాత ఎక్కడ ఉందో వచ్చి రాస్తాను.